ఇచ్చట రోడ్డు సమాప్తము

మోటారు బండి నెత్తిన దీపాలు బిగించుకోవచ్చునని ప్రభుత్వంవారు ఒప్పుకున్నారు. వాటికి మూతలు ఉండాలన్నారు. రోడ్డు మీద నడిచేటప్పుడు మూతలు వేసి ఉంచాలి. రోడ్డు లేని చోట తీసుకోవచ్చు. ఇందులో అర్థం కానిది ఏమీ లేదు. ఏది రోడ్డో ఏది కాదో తెలిసిన ఊళ్ళలో ఈ నిబంధన చక్కగానే నడుస్తూ ఉంటుంది. మా నేరెళ్ళమెట్ట దాకా వచ్చేసరికే దానికి కాస్త ఆయాసం వచ్చింది.

మా ఊరు కొండ మీద, పట్నం కొండ కింద. మధ్యలో ఘాటీ. ఆ ఘాటీలో తిరిగే బండి ఒక్కటే, దాలినాయుడి జీపు. అటవీ శాఖవాళ్ళు ఆశ తీరా వాడుకుని వేలం వేస్తే వాళ్ళ నాన్న కొన్నాడు. నాలుగు చక్రాలూ లాగుతాయి కాబట్టి బురదలోంచి, బండల మీంచి ఎక్కిపోతుంది. ఎక్కడం వచ్చు గాని చూడటం దానికి చేతకాదు. ముందు దీపాలు రెండూ పచ్చబడిపోయాయి. వాటి వెలుగు రెండు గజాలు వెళ్ళి, అక్కడ భయమేసి ఆగిపోయేది.

మా చెల్లెలు గున్నమ్మకి మూత్రపిండాలు పాడైపోయాయి. వారానికి రెండుసార్లు పట్నం ఆస్పత్రిలో మిషను మీద పడుకుని రక్తం కడిగించుకోవాలి. కొండవాళ్ళకి దొరికేది ఆఖరి షిఫ్టు, సాయంత్రం ఏడింటికి. ఏడున్నర దాకా చూస్తారు. మూడుసార్లు ఆలస్యమైతే పడక తర్వాతవాళ్ళకి ఇచ్చేస్తారు. తర్వాతవాళ్ళు వరండాలోనే కూర్చుని ఉంటారు. వాళ్ళ ముఖాలు చూస్తే వాళ్ళని తప్పు పట్టలేం.

జీపేమో నాలుగున్నర దాటితే గాని కదలదు. బడి పంతుళ్ళు పట్నం నుంచి వచ్చి పోయేవాళ్ళు. బడి వదిలాకే ఎక్కుతారు. చలికాలం కొండల్లో అయిదున్నరకే చీకటి. దాలినాయుడు చక్రం పట్టుకుని, తల బయటపెట్టి, వాసన చూసుకుంటూ దిగేవాడు. నేను జీపు దగ్గర నిలబడి సాగనంపేదాన్ని. నాకు బొత్తిగా చేతకాని పనుల్లో అదొకటి. మా ఆయన ఓ సాయంత్రం ఉప్పు తెస్తానని ఇదే ఘాటీ దిగాడు, మళ్ళీ ఎక్కలేదు. అప్పటినుంచి ఎవరు జీపెక్కినా నాకు నోట్లో ఉప్పు తగులుతుంది.

"లోపలికెల్లు అప్పా, మంచు పడతంది," అనేది గున్నమ్మ కిటికీలోంచి. మా వైపు అక్కని అప్పా అంటారు. నేను వెళ్ళేదాన్ని కాదు. ఇంజను మోత వినబడినంతసేపూ నిలబడేదాన్ని.

"ఒరే దాలీ, ఈ బండికి కళ్ళు పెట్టించరా," అని చివరికి నేనే పోరాను.

"పెట్టిస్తే ఆపరేషను నీకా పెద్దమ్మా, బండికా?" అన్నాడు గాని, పెట్టించాడు. పట్నంలో మెకానిక్కు షెడ్డులో జీపు రెండు రోజులు పడుకుంది. టాపు మీద ఇనప చట్రం వేసి, దాని మీద పాత లారీ దీపాలు నాలుగు వరసగా బిగించారు. అద్దం పక్కనుంచి లావుపాటి వైరు దించి, వేరే ఫ్యూజు పెట్టి, చక్రం కింద ఎర్ర స్విచ్చి అమర్చారు. మొదట స్విచ్చి నొక్కితే దీపాలు వెలిగి ఇంజను ఆగిపోయింది. ముసలి డైనమోకి అంత కరెంటు ఇచ్చే ఓపిక లేదు. దాన్ని పీకేసి మరో బండిది పెట్టాక దీపాలూ ఇంజనూ కలిసి బతకడం నేర్చుకున్నాయి.

లైట్లు వేసుకుని మొదటిసారి దిగిన రోజు నేనూ ఎక్కాను. ఇన్నేళ్ళ నా వయసులో చీకటి పడ్డాక ఆ ఘాటీని నేను చూడటం అదే మొదలు. ఏ గుంట ఎక్కడుందో, అంచు ఎక్కడ విరిగిందో, పక్కన లోయ ఎంత లోతో అన్నీ కనబడ్డాయి. గున్నమ్మ కళ్ళు మూసుకుంది.

"ఇన్నాళ్ళూ దీని మీదనా నన్ను పంపినావు?" అంది.

ఘాటీ కింద చెక్‌పోస్టు ఉంది. ఆ వెలుగు కిటికీలో పడేసరికి రవాణా శాఖ ఇన్‌స్పెక్టరు భానోజీరావుగారు టోపీ పెట్టుకుంటూ బయటికి వచ్చారు. ఆయన మంచివాడే. ఆ చెక్‌పోస్టుకి వచ్చే బండి ఒక్కటే కాబట్టి దాన్ని ఎంతో శ్రద్ధగా చూసేవారు.

"ఏమిటవి?" అన్నారు.

"లైట్లు బాబూ," అన్నాడు దాలినాయుడు.

"లైట్లని నాకూ కనిపిస్తోంది. ఏ హోదాలో ఉన్నాయవి?"

"టాపు మీదున్నాయి బాబూ. అంతకు మించి హోదా లేదు వాటికి."

ఆయన లోపలికి వెళ్ళి పుస్తకం తెచ్చారు. టార్చి వేసుకుని చదివారు. నాకు అక్షరం కనబడితే చదవకుండా ఉండలేని జబ్బు ఉంది. పొట్లాం కాగితాల మీద పట్టుకున్న జబ్బు అది. ఆయన భుజం పక్కనుంచి నేనూ చదివాను. అందులో ఉన్నది పైన చెప్పిందే.

"సదరు దీపములు అనుబంధ దీపములు. వీటికి కాంతి నిరోధక ఆచ్ఛాదనములు లేవు. అనగా మూతలు," అన్నారు.

"మూతెట్టీస్తే మరింక లైటెందుకు బాబూ?"

"లైటు ఉండటానికి నాకు అభ్యంతరం లేదు. వెలగడానికీ లేదు. మూత కింద నీ ఇష్టం వచ్చినంత వెలిగించుకో. ఆ వెలుగు రోడ్డు మీద పడకూడదు. ఎదుటి బండివాడి కళ్ళకి కొడుతుంది."

"ఈ ఘాటీలో ఉన్నది నానొక్కడినే గదా బాబూ. నాకు నానే ఎదురొస్తానా?"

"రేపు ఇంకొకడు కొనవచ్చు. నిబంధనలు రేపటి కోసం రాస్తారు."

గున్నమ్మ వెనక సీట్లో అటూ ఇటూ కదిలింది. ఒళ్ళంతా నీరు పట్టి ఉంటే ఎక్కువసేపు ఒకేలాగ కూర్చోలేదు. నాకు భయమేసి మధ్యలో కలగజేసుకున్నాను. "బాబూ, ఒక మాట. మేం దిగొచ్చింది రోడ్డేనంటారా?"

భానోజీరావుగారు ఘాటీ వైపు టార్చి వేశారు. వెలుగు ఒక బండరాయి మీద పడి, అక్కడినుంచి ఒక నీటి గుంటలోకి దిగి, ఎదురుగా నిలబడి ఉన్న దున్నపోతు దగ్గర ఆగింది. ఆయన టార్చి ఆర్పేశారు.

"అమ్మా, నా పరిధి బండి వరకే. బండి కింద ఏముందన్నది రోడ్ల శాఖవారు చెప్పాలి. అది రోడ్డు కాదని రాయించుకురండి, మూతల మాటే ఎత్తను."

రోడ్ల శాఖ ఇంజనీరు త్రిమూర్తులుగారి గదిలో గోడ నిండా పటం ఉంది. మా ఘాటీ అందులో ఎర్రగా, లావుగా, ఒక్క వంకర లేకుండా ఉంది. నేనూ దాలినాయుడూ దాన్ని చాలాసేపు చూశాం. అంత అందమైన రోడ్డు పక్కన మేం బతుకుతున్నామని మాకు తెలియదు.

"మీ రోడ్డు మూడుసార్లు వేశామమ్మా," అన్నారు ఇంజనీరుగారు.

"ఎప్పుడు బాబూ?"

"మొదట ఒకసారి వేశాం. అది పోయిందని రెండోసారి వేశాం. ఆ పోవడాన్ని అరికట్టాలని మూడోసారి వేశాం."

"మేం సూడనేదు బాబూ."

"ఇంట్లో పనిలో ఉండి ఉంటారు."

దాలినాయుడు గొంతు సవరించుకున్నాడు. "బాబూ, నాను దినానికి రెండుసార్లు దాని మీదే తిరుగుతాను. నాను కూడా సూడనేదు."

"నువ్వు ఎదురుగా చూస్తూ నడుపుతావయ్యా. కింద ఎక్కడ చూస్తావు?"

అది రోడ్డు కాదని ఒక ముక్క రాసిమ్మని అడిగాను. ఆయన కోప్పడలేదు. కుర్చీ వెనక్కి వాలి, పంకా వైపు చూస్తూ మాట్లాడారు. "రోడ్డు లేదని నేను సంతకం పెడితే, ఉన్నదాన్ని ఏం చేశావని నన్ను అడుగుతారు. ఉందని పెడితే మీకు దీపాలు పోతాయి. ఇంట్లో నాకూ తల్లి ఉంది. కాబట్టి వాస్తవానికి దగ్గరగా ఉండే మాట ఒకటి అనుకుందాం. రోడ్డు ఉన్నది. కానీ అంతటా ఒకే తీవ్రతతో లేదు."

ఆ తీవ్రత ఎక్కడ ఎంత ఉందో తేల్చడానికి రహదారి స్థితి నిర్ధారణ సంఘం ఏర్పడింది. దానికి అధ్యక్షులు పదవీ విరమణ చేసిన పెద్ద అధికారి. చేతికర్రకి ఇత్తడి పొన్ను వేయించుకుని, దానితో నేల మీద కొట్టి, చప్పుడు వినేవారు. వెంట సభ్యులుగా త్రిమూర్తులుగారు, భానోజీరావుగారు. ఒక చోట రాళ్ళ మధ్య అప్పడమంత తారు ముక్క దొరికింది. అధ్యక్షులవారు వంగి చూశారు.

"ఇది రోడ్డే," అన్నారు. "సందేహం లేదు."

"అప్పడమంతే ఉంది బాబూ," అన్నాడు దాలినాయుడు.

"రోడ్డుకి కనీస వైశాల్యం ఇంత అని ఎక్కడా లేదు. తమకు తెలిస్తే సెలవివ్వండి."

దాలినాయుడికి సెలవివ్వడం ఎలాగో తెలియలేదు. తారు ముక్కకి ఇవతల 'ఇచ్చట రోడ్డు ప్రారంభము' అని ఒక బోర్డు, అవతల 'ఇచ్చట రోడ్డు సమాప్తము' అని ఒక బోర్డు పాతారు. ఆ ప్రకారం ఘాటీ పొడుగునా బోర్డులు వెలిశాయి. పసుపు రంగు మీద నల్ల అక్షరాలు, ఇనప స్తంభాలు, కింద సిమెంటు దిమ్మెలు. ఆ దిమ్మెలకి పోసిన సిమెంటు గుంటల్లో పోసి ఉంటే బాగుండేదని మా ఊళ్ళో ఎవరో అన్నారు. అది వేరే పద్దు అని ఇంజనీరుగారు చెప్పారు. వంతెన దగ్గర మాత్రం చిక్కు వచ్చింది. అక్కడ ఎడమ చక్రాల కింద రోడ్డు ఉంది, కుడి చక్రాల కింద లేదు. సంఘం చెట్టు కింద కూర్చుని, మజ్జిగ తాగి, వంతెన మీద ఎడమవైపు దీపాలు రెండూ మూసి, కుడివైపువి తెరిచి వెళ్ళాలని తీర్మానించింది.

ఇప్పుడు మూతలు కావాలి. నూనె డబ్బా రేకు కత్తిరించి, మడతబందులు బిగించి, దాలినాయుడే చేశాడు. ప్రతి బోర్డు దగ్గరా జీపు ఆపి, టాపెక్కి, మూతలు వేసి, దిగి, మళ్ళీ పది గజాలకి ఆపి, ఎక్కి, తీసి, ఇలా దిగేసరికి మొదటి రోజు గున్నమ్మ షిఫ్టు తప్పింది. ఒక మనిషిని టాపు మీద కూర్చోబెడదామంటే, టాపు మీద మనుషులు కూర్చోరాదని భానోజీరావుగారి పుస్తకంలోనే ఇంకో పేజీలో ఉంది. అందుకని మూతలకి బట్టలారేసే తాడు కట్టి కిటికీలోంచి వెనక సీట్లోకి వేశాడు. లాగి పట్టుకుంటే నాలుగు మూతలూ లేస్తాయి. వదిలితే టపటపా పడతాయి. వంతెన కోసం ఎడమకొకటి కుడికొకటి వేరే తాళ్ళు.

"తాడెవరు లాగుతారు?" అన్నాడు.

"నాను లాగుతాను," అన్నాను.

"నీ సేతులతోనా?"

"బోర్డులు సదవగలిగినోళ్ళు మనూళ్ళో కాళీగా ఎవరున్నార్రా?"

అలా నాకు డెబ్బై దాటాక ఉద్యోగం దొరికింది. సాగనంపే పని తప్పింది. గున్నమ్మ పక్కన కూర్చుని, రోడ్డు సమాప్తము అని కనబడగానే లాగేదాన్ని, ప్రారంభము అనగానే వదిలేదాన్ని. పంతుళ్ళు వెనక నుంచి, "మామ్మగారూ, ప్రారంభం వచ్చింది," అని అందించేవారు. అప్పటికీ లాభం లేకపోయింది. మూత పడ్డప్పుడల్లా దాలినాయుడికి కళ్ళు చీకట్లు కమ్మేవి. అవి తేరుకునే దాకా బండి ఆపేవాడు. తేరుకునేసరికి మూత లేచేది. ఆ వారంలో రెండోసారీ ఆలస్యమైంది. నర్సమ్మ గున్నమ్మ చీటీ మీద ఇంకో అడ్డగీత గీసి, "ఇంకొక్కటేనండీ," అంది మెల్లగా. వరండాలో తర్వాతవాళ్ళు మా వైపు చూసి తలలు దించుకున్నారు.

నేను సంఘం దగ్గరికి వెళ్ళి మొరపెట్టుకున్నాను. అధ్యక్షులవారు శాంతంగా విన్నారు.

"అమ్మా, మీ బాధ రోడ్డు ఉండటమా, లేకపోవడమా?"

"మద్దిమద్దినుండటం బాబూ. ఉంటే మొత్తం ఉండమనండి. నేకపోతే మొత్తం నేదనండి."

ఆ మాట ఆయనకి నచ్చింది. దాన్ని ఏకరూపత అంటారని చెప్పారు. మొత్తం ఉంచడానికి నిధులు లేవు, మొత్తం లేకుండా చేయడానికి నిధులు అక్కరలేదు. అప్పటికి బోర్డుల ఖర్చు కూడా రాసేశారు కాబట్టి ఇంజనీరుగారు కూడా మెత్తబడ్డారు. మూడుసార్లు వేసిన రోడ్డు ఏమైందని ఎవరైనా అడిగితే, నిర్ధారణ సంఘం లేదని నిర్ధారించింది అని చెప్పుకోవచ్చు. నేరెళ్ళమెట్ట ఘాటీలో ఆసాంతం రోడ్డు లేదని తీర్మానం అయింది. కొండ మీద ఒక బోర్డు, కొండ కింద ఒక బోర్డు మిగిల్చి, తక్కినవి పీకి తీసుకుపోయారు.

రోడ్డు లేకపోవడం మాకు బాగా కలిసొచ్చింది. పంతుళ్ళకి రోడ్డు లేని ప్రాంతపు భత్యం మంజూరైంది. ఎన్నడూ రాని బస్సుని అధికారికంగా రద్దు చేశారు. భానోజీరావుగారి చెక్‌పోస్టు మాత్రం తీయలేదు. రోడ్డు లేదు కాబట్టి బండ్లు రాకూడదు, రావడం లేదని ఎవరో ఒకరు చూడాలి కదా అన్నారు. దాలినాయుడు ఆయన ముందునుంచే నాలుగు దీపాలూ వేసుకుని పోయేవాడు. ఆయన చేయి ఊపేవారు. గున్నమ్మ నెల రోజులు ఒక్కసారి కూడా ఆలస్యం కాలేదు. కాళ్ళ వాపు తీసింది. బయల్దేరేటప్పుడే దాలినాయుడు తాడు లాగి సీటుకి కట్టేసేవాడు. పట్టుకునే పని లేకపోయినా నేను ఆమె పక్కనే కూర్చుని వెళ్ళేదాన్ని. అలవాటైపోయింది.

అయితే రోడ్డు లేని ఊరంటూ ఒకటి కాగితం మీదికి వస్తే ప్రభుత్వం చూస్తూ ఊరుకోదు. రోడ్డు లేని ఊళ్ళకి రోడ్లు వేసే పథకం ఒకటి ఉందట. దానికి మా ఊరు ఎంపికైంది. శంకుస్థాపన అధ్యక్షులవారి చేతుల మీదుగా, ముహూర్తం సాయంత్రం నాలుగింటికి, గున్నమ్మ ఆస్పత్రి రోజునే.

ఆ పొద్దుట త్రిమూర్తులుగారి నుంచి కబురు వచ్చింది. ప్రజావసరార్థం జీపు స్వాధీనం చేసుకుంటున్నామని. వాళ్ళకి కార్లు ఉన్నాయి. కానీ రోడ్డు లేని చోటికి ప్రభుత్వ వాహనం వెళ్ళినట్టు రాస్తే ఆడిట్‌వారు ఒప్పుకోరు. కార్లు చెక్‌పోస్టు దగ్గర ఆపి సంఘంవారు ముగ్గురూ దాలినాయుడి జీపులో ఎక్కి వచ్చారు. అధ్యక్షులవారు కొత్త బూట్లు వేసుకున్నారు.

గున్నమ్మని మూడింటికే తెచ్చి జీపు వెనక సీట్లో కూర్చోబెట్టాను. కూర్చున్నవాళ్ళని దింపడం కష్టమని నా నమ్మకం. అధ్యక్షులవారు చూశారు.

"ఈ బండి స్వాధీనంలో ఉందమ్మా," అన్నారు.

"మేమూ మీ స్వాదీనంలోనే ఉన్నాం బాబూ. ఎల్లేటప్పుడు దింపీయండి, ఏడింటికి మిషనెక్కాల. ఇప్పటికే రెండుసార్లు తప్పినాది. ఇయాళ తప్పితే పడక పోద్ది."

ఆయన మంచి మనసుతో సరేనన్నారు. పంతుళ్ళకి చోటు లేక ఆ రాత్రికి బడిలోనే ఉండిపోయారు.

నాలుగింటి ముహూర్తం అయిదింటికి వచ్చింది. బూట్లు విప్పి, కొబ్బరికాయ కొట్టి, రాయి నిలబెట్టారు. అధ్యక్షులవారు మాట్లాడారు. "ఇన్నాళ్ళూ ఈ కొండకి రోడ్డు లేదు," అన్నారు. ఆయనే తేల్చిన సంగతి కాబట్టి గట్టిగా అన్నారు. "ఈ క్షణం నుంచి ఉంది." చప్పట్లు కొట్టాం. గున్నమ్మ జీపులోంచి, "అప్పా, అయినాదా?" అంది. ముఖం ఉబ్బి ఉంది. ఊపిరి పైపైన తీస్తోంది.

జీపు కదిలేసరికి అయిదున్నర, సన్నగా వాన. దాలినాయుడు స్విచ్చి మీద చెయ్యి వేశాడు. ముందు సీట్లోంచి భానోజీరావుగారు ఆ చెయ్యి పట్టుకున్నారు.

"ఏం చేస్తున్నావు?"

"లైట్లేస్తన్నాను బాబూ."

"వేసుకో. మూతలు తీయకు. ఇప్పుడు ఇది రోడ్డు."

"రాయే గదా బాబూ ఎట్టినారు."

"అధ్యక్షులవారు చెప్పింది వినలేదా? ఈ క్షణం నుంచి అన్నారు."

నేను చుట్టూ చూశాను. నా పక్కన గున్నమ్మ, ఆమె పక్కన త్రిమూర్తులుగారు, ఎదురు బల్ల మీద అధ్యక్షులవారు. ఆయన కొత్త బూట్లు ఒడిలో పెట్టుకుని కిటికీలోంచి వాన చూస్తున్నారు. ఏం అంటారు పాపం. ఆ మాటలు ఇంకా ఊళ్ళో మైకులో మోగుతున్నాయి.

ముసలి దీపాల వెలుగులో మొదటి మలుపు తిరిగాం. రెండోది తిరిగాం. మూడో మలుపు దగ్గర అంచు విరిగిన చోట దాలినాయుడు బ్రేకు తొక్కి ఊరుకున్నాడు.

"ఏమైంది?" అన్నారు అధ్యక్షులవారు.

"ఏటీ అవనేదు బాబూ. ఎదరేటీ అగుపడ్డం నేదు. అవుద్దని ఆగినాను."

త్రిమూర్తులుగారు కిటికీలోంచి కిందికి చూసి తల చటుక్కున లోపలికి తీసుకున్నారు. ఆ చోటు ఆయన మూడుసార్లు వేసినదే గాని, ఇంత దగ్గరగా చూడటం ఇదే మొదలు కావచ్చు. "మూతలు... ఒక్క ఈ మలుపు వరకు..." అన్నారు.

"రోడ్డు కాదని తమరు చెబితే అభ్యంతరం లేదు," అన్నారు భానోజీరావుగారు.

"నేను ఎలా చెబుతాను? అధ్యక్షులవారు చెప్పాలి."

"తీర్మానం లేకుండా నేను ఎలా చెబుతాను? సంఘం కూర్చోవాలి."

"ముగ్గురూ కూసునే ఉన్నారు గదా బాబూ," అన్నాను. తాళ్ళు నా కాళ్ళ దగ్గరే పడి ఉన్నాయి. తీసి చేతికి చుట్టుకున్నాను. "మీలో ఒకలు రోడ్డు కాదనండి. నాను లాగీస్తాను. ఎవలితోనూ సెప్పను."

వాన రేకుల మీద పడుతోంది. గున్నమ్మ నా భుజం మీదికి వాలింది. చెయ్యి పట్టుకుంటే నా వేళ్ళకి ఆమె చర్మంలో గుంటలు పడ్డాయి, మళ్ళీ పైకి లేవలేదు.

"టైమెంతయినాది?" అంది.

"ఇంకా ఉంది," అన్నాను.

అధ్యక్షులవారు చాలాసేపు ఆలోచించి, ముఖం విప్పారి, చేతికర్రతో నేలకి కొట్టారు. "బండి మీద దీపానికి కదా నిషేధం. నడిచే మనిషి చేతిలో దీపానికి నిషేధం ఉందా?"

భానోజీరావుగారు మనసులోనే పుస్తకం తిప్పారు. "పాదచారులు మన పరిధిలోకి రారండి."

ముగ్గురూ దిగారు. బురదలో పాడవుతాయని అధ్యక్షులవారు బూట్లు సీటు మీదే వదిలేశారు. ఫోన్లలో టార్చిలు వెలిగించుకుని జీపుకి ముందు వరసగా నిలబడ్డారు. మధ్యలో ఆయన, కర్రతో నేల తట్టి, "ఇక్కడ గట్టిగా ఉంది, రానీయ్," అంటున్నారు. త్రిమూర్తులుగారు, "ఎడమకి వద్దు, ఎడమకి ఏమీ లేదు," అంటున్నారు. భానోజీరావుగారు చేయి ఊపుతున్నారు. దాలినాయుడు వాళ్ళ వెనక పెళ్ళి ఊరేగింపు బండిలాగ మెల్లగా పోనిచ్చాడు. ఆ నడకన పట్నం చేరేసరికి తెల్లారుతుంది.

దాలినాయుడు అద్దంలో నా వైపు చూశాడు. నేను గున్నమ్మ వైపు చూశాను. ఆమె కళ్ళు మూసుకుని ఉంది, చెదిరిన ఆ ఊపిరి నా మెడకి తగులుతోంది. తాళ్ళన్నీ కలిపి లాగాను.

నాలుగు దీపాలూ ఒక్కసారి ఘాటీ మీద పడ్డాయి. ముగ్గురి నీడలూ ఎదురు కొండ దాకా సాగాయి. విరిగిన అంచు, కింద లోయ, లోయలో పాత వానలకి జారిపోయిన తారు పెచ్చులు అన్నీ తెల్లగా కనబడ్డాయి. వాళ్ళు నడక ఆపారు. ఒక్కరూ వెనక్కి తిరగలేదు. తిరిగితే చూసినట్టవుతుంది, చూస్తే ఏదో ఒకటి అనాలి. దాలినాయుడు హారను కొట్టాడు. ముగ్గురూ కొండ వైపుకి ఒద్దికగా తప్పుకున్నారు.

"ఎల్లొస్తాం బాబూ," అన్నాను కిటికీలోంచి. "లోపలికెల్లండి, తడిసిపోతారు." అలవాటు మీద అనేశాను. అక్కడ లోపలంటూ ఏమీ లేదు.

తిరిగి చూశాను. నన్ను సాగనంపుతూ వెనక ఎవరైనా నిలబడటం నేను ఎరగను. మూడు చిన్న వెలుగులు వానలో నిలబడి, మలుపు తిరిగేదాకా కదలలేదు. తాడు నా అరచేతులు కోస్తోంది. వదలలేదు.

చెక్‌పోస్టు దగ్గర వాళ్ళ కార్ల డ్రైవర్లు ముగ్గురు పేకాడుకుంటున్నారు. పైకి వెళ్ళి ఆ ముగ్గురినీ తెమ్మని దాలినాయుడు చెప్పాడు. పైన రోడ్డు అయినట్టు తమకి రాతపూర్వకంగా అందలేదన్నారు.

ఆస్పత్రి మెట్లెక్కేసరికి ఏడూ ఇరవై అయిదు. నర్సమ్మ గడియారం చూసి, చీటీ చూసి, కలం మూత పెట్టేసింది. వరండాలో తర్వాతవాళ్ళు కాళ్ళు ముడుచుకుని మాకు దారిచ్చారు. గున్నమ్మని పడుకోబెట్టి సూదులు గుచ్చారు. మిషను తిరగడం మొదలయ్యాక గాని నా చేతులు మంట పెడుతున్నాయని నాకు తెలియలేదు.

దాలినాయుడు గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో కొత్త బూట్లు.

"ఇవి సీట్లో ఉండిపోనాయి పెద్దమ్మా. ఎల్లి ఆ బాబుల్ని తెచ్చీస్తాను. పాపం వానలో ఉన్నారు."

"ఎల్లిరా. తాడు లాగడానికి నాను రానా?"

"నువ్వొద్దు. ఇక్కడుండు." బూట్లు చంకలో పెట్టుకుని, తలకి తువాలు చుట్టుకున్నాడు. "మూతలేసుకునే ఎల్తాను. ఆళ్ళ రోడ్డు గదా, నిదానంగా ఎల్తాను."